గండికోట అంచున ఒక రాత్రి: మొదటిసారి టెంటు వేసేవాళ్లకు

శనివారం సాయంత్రమైతే చాలు, మా జమ్మలమడుగు మీదుగా బెంగళూరు, హైదరాబాదు నంబర్ల కార్లు వరసగా గండికోట దారి పడతాయి. వెనక డిక్కీలో కొత్త టెంటు ఉంటుంది, ధర చీటీ కూడా చింపి ఉండరు. కొండ మీదికి చేరేసరికి చీకటి పడిపోతుంది. ఒకరు ఫోన్ టార్చి పట్టుకుంటే ఇంకొకరు టెంటు ఎట్లా వేయాలో ఇంకో ఫోన్లో వీడియో చూస్తుంటారు.

నవ్వడానికి చెప్పడం లేదు. నా మొదటి రాత్రీ అట్లాంటిదే. పక్క ఊరివాణ్ణి, నాకు తెలియని గండికోటా అనుకుని ఏడింటికి బయలుదేరాను. అర్ధరాత్రి దాటాక గాలి లేచింది. టెంటు ఒక పక్క పైకి లేచి, లోపల పడుకున్న మా తమ్ముడితో సహా రెండడుగులు జరిగింది. లోయ అంచు ఇంకా చాలా దూరంలోనే ఉందని తెల్లారాక తెలిసింది. ఆ చీకట్లో మాత్రం ఇద్దరం టెంటు మూలలు పట్టుకుని కూర్చుని, తూర్పు ఎప్పుడు తెలుపెక్కుతుందా అని చూశాం.

మేకులు దిగని బండ మీద టెంటు వేశాం. వెలుగుంటే ఆ బండ కనబడేది. నీళ్లు తక్కువ తెచ్చుకున్నాం. దారిలో ఊళ్లో అంగళ్లు తెరిచి ఉన్నప్పుడు గుర్తు రాలేదు. అప్పటినుంచి ఎన్నిసార్లు వెళ్లినా చూస్తున్నది ఒకటే, రాత్రి పడే తంటాలన్నీ పగలు వదిలేసిన పనులే. అందుకే ఈ పద్ధతంతా గడియారం వరసలో చెప్తాను. గండికోట కోసమే రాస్తున్నా, అనంతపురం గుట్టలకైనా కర్నూలు వైపు బండలకైనా చాలా మటుకు ఇదే పనికొస్తుంది.

వెళ్లే ముందు: నెల, చోటు, అనుమతి

మన సీమలో టెంటు వేయడానికి నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో పగలు నలభై డిగ్రీలు దాటుతుంది. పొద్దంతా కాలిన బండ రాత్రి పదకొండైనా పెనంలాగా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ నెలల్లో ఎవరైనా పిలిస్తే మొహమాటపడకుండా రానని చెప్పండి.

అక్టోబరు, నవంబరుల్లో ఇంకో చిక్కు ఉంది. కడప జిల్లాకు ఈశాన్య రుతుపవనాలు తెచ్చే వానలు తక్కువేమీ కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వింటే ప్రయాణం మానుకోండి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ల మీద పడింది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనబడే ఏరు అది. వంకలో ఇసుక మెత్తగా ఉంది, గాలి తగలదు, హాయిగా ఉంటుందని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తు చేయండి. మీ తల మీద చుక్క పడకపోయినా పైన ఎక్కడో కురిసిన వాన రాత్రికి మీ దాకా రావచ్చు.

చోటు విషయానికొస్తే, గండికోట కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం ఇవన్నీ చూసి రావాల్సినవి, వాటి మధ్య టెంటు వేయడం గానీ గోడ పక్కన మంట పెట్టడం గానీ కూడదు. రక్షిత కట్టడాన్ని పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడేలా 2010లో చట్టాన్ని సవరించారు. గోడ మీద పేర్లు చెక్కే ప్రేమికులకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్లు లేరు. ఊళ్లో వాళ్లే కొందరు బయట టెంట్లు వేసి అద్దెకిస్తారు, పర్యాటక శాఖ వాళ్ల హరిత హోటలూ ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లు అద్దె టెంటులో ఒక రాత్రి పడుకుని, వాళ్లు ఏ చోటు ఎంచుకున్నారో, తాళ్లు ఎట్లా కట్టారో చూసి రావడం మంచిది. అందులో చిన్నతనమేమీ లేదు.

అడవి వేరే సంగతి. లంకమల, నల్లమల, శేషాచలం, పాలకొండలు, ఎక్కడైనా అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. అభయారణ్యంలోకి అడుగు పెట్టాలన్నా 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అనుమతి కావాలి. దీనికి తోడు ఎర్రచందనం ఉన్న అడవుల్లో రాత్రి టార్చి వెలిగిందంటే, మీరు నక్షత్రాలు చూడ్డానికే వచ్చామని ఎంత చెప్పినా సిబ్బందికి అనుమానం రావడం సహజం. లంకమల చుట్టుపక్కల చిట్టడవి కలివికోడి ఉనికికి పేరుపడిన చోటు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న పిట్ట 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. రాత్రి పూట తిరిగే పిట్ట అది, పొదల మధ్య ఖాళీ నేల దాని ఇల్లు. మనకు 'ఏమీ లేని చోటు'లా కనబడేది సరిగ్గా అలాంటి నేలే.

ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. సిగ్నల్ ఉన్నచోటే మ్యాపు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

సంచి సర్దడం: ముందు నీళ్లు, తర్వాతే మిగతావన్నీ

మనిషికి తాగడానికి రోజుకు నాలుగు లీటర్లు లెక్కేయండి. వంటకు, చేతులు కడగడానికి ఇంకో రెండు. సాయంత్రం చేరి మర్నాడు పదింటికి బయలుదేరే నలుగురికి ఇరవై లీటర్ల క్యాను ఒకటి సరిపోతుంది, రెండోది బండిలో ఉంటే ధైర్యం. కింద రిజర్వాయర్ నిండా నీళ్లున్నాయి కదా అని లెక్క తప్పకండి. కంటికి పక్కనే కనబడతాయి, చేతికి అందాలంటే నిలువు బండలు దిగాలి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తా. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అనంతపురం, కడప జిల్లాల్లో చాలా ఊళ్లలో బోరు నీళ్లకు ఆ జబ్బు ఉంది. ఒక రాత్రి తాగితే ఏమీ కాదు, కానీ ఇంటి నుంచి తెచ్చుకునే వీలున్నప్పుడు తెలియని బోరు నీళ్లెందుకు?

తిండి దగ్గర మాత్రం మన పెద్దవాళ్లు ఎప్పుడో దారి చూపించారు. చేనికి పోయేవాళ్లు కట్టుకునే సద్దిని మించిన క్యాంపు తిండి నాకు ఇంతవరకు కనబడలేదు. పలుచగా తట్టి బాగా ఎండబెట్టిన జొన్నరొట్టెలు రోజుల తరబడి పాడుకావు. ఊరిబిండి, ఎర్రకారం, పప్పుల పొడి, రెండు ఉల్లిగడ్డలు, బొరుగులు, వేయించిన చెనక్కాయలు, బెల్లం. రాత్రి భోజనానికి పొయ్యే అక్కర్లేదు. పొద్దున టీకి మాత్రం చిన్న గ్యాసు స్టౌ పెట్టుకోండి. బిర్యానీ వండుతామని మూడు గిన్నెలు, కిలో కోడి మోసుకొచ్చే బృందాలను చూస్తుంటాను. తొమ్మిదింటికి గిన్నెలు కడగడానికి నీళ్లుండవు, పదింటికి వాసనకు కుక్కలు చేరతాయి.

మిగతా సామాను: టెంటు, దాని కింద పరచడానికి పట్ట, చాప, దుప్పటి, తలకు కట్టుకునే టార్చి మనిషికొకటి, ఇరవై మీటర్ల నైలాన్ తాడు, చిన్న కత్తి, విజిల్, చీలమండ దాకా మూసుకునే బూట్లు, స్వెట్టర్ ఒకటి. డిసెంబరులో మిట్ట మీద తెల్లవారుజామున చలి గట్టిగానే పెడుతుంది, పగటి ఎండ చూసి మోసపోవద్దు. మందుల పెట్టెలో ఓఆర్‌ఎస్ పొట్లాలు, డెట్టాల్, పెద్ద బ్యాండేజీ గుడ్డలు రెండు, మీరు రోజూ వేసుకునే మాత్రలు. ఓఆర్‌ఎస్ మర్చిపోతే లీటరు నీళ్లలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా.

ఖాళీ గోనెసంచి ఒకటి తప్పకుండా పెట్టుకోండి. ఎందుకో చివర్లో చెప్తా.

మూడు గంటలకు కొండ మీద ఉండాలి

డిసెంబరులో ఇక్కడ ఐదు నలభైకల్లా పొద్దు గూకుతుంది. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్ల దారే, అయినా దారిలో టీ తాగి, కోట చూసి, ఫోటోలు దిగి వెళ్లేవాళ్లకు ఆ దారి మూడు గంటలు పడుతుంది. ముందు టెంటు వేసి తర్వాత కోట చూడండి.

లోయ అంచు గురించి ఒక మాట. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన చోటు ఇది. చాలా చోట్ల కంచె లేదు, రెయిలింగు లేదు. బండ గట్టిదే, కాళ్ల కింద కూలదు. ప్రమాదమంతా దాని మీద పడి ఉండే సన్న గరుసుతోనే. నున్నటి బండ మీద ఆ రాళ్లు గోళీల్లాగా దొర్లుతాయి. ఒకసారి అరిచేత్తో బండ మీద రాసి చూడండి, తెలుస్తుంది. అంచుకు వెళ్లాలంటే ఆఖరి రెండు మూడు గజాలు కూర్చుని జరగండి, ఫోటో తీసేవాడి మాట విని వెనక్కి అడుగు వేయకండి. చీకటి పడ్డాక అంచు వైపు పోకూడదని మీ బృందంలో ముందే ఒప్పందం చేసుకోండి. మందు కొట్టి అంచున కూర్చునేవాళ్లకు ఈ రాత ఏమీ చేయలేదు.

నీళ్లలో దిగొద్దు. రిజర్వాయర్ మట్టం మారుతూ ఉంటుంది, నిన్న మెట్టున్న చోట ఇవాళ లోతు. ఆ నీళ్ల గురించి ఇంకో సంగతి కూడా ఉంది. గండికోట ప్రాజెక్టు నిండేటప్పుడు తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగిపోయాయి. పైనుంచి చూసి 'వావ్' అనేవాళ్లకు అది అందమైన నీలం రంగు. నా స్నేహితుడొకడికి అది వాళ్ల మేనమామ ఇల్లు.

నాలుగు గంటలు: చోటు చూసుకోవడం

దీనికి అరగంట కేటాయించండి. అందరూ హడావిడిగా తేల్చేసే పని ఇదే.

రెండోసారి వెళ్లినప్పుడు లోయ బాగా కనబడే మిట్ట మీద పట్ట పరిచాను. గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగాడు.

"ఏం నాయనా, ఈడ పడుకుంటారా?"

"అవును పెద్దాయనా. ఇక్కడ బాగుంది కదా."

"చూసేకి బాగుంటాది. గాలి మూడు జాములూ ఈడే కొడతాది. ఆ తుమ్మచెట్టు కాడికి పోండి, మా గొర్రెలు ఆడనే పడుకుంటాయి వానకు."

గొర్రె పడుకునే చోటు మనిషికీ మంచిదే. గాలికి అడ్డుగా ఒక బండ గానీ పొద గానీ, నీళ్లు నిలవని కొద్దిపాటి వాలు, కాలితో తంతే మట్టి లేచే నేల. ఇవి మూడు చూసుకోండి. అంచు నుంచి కనీసం యాభై అడుగుల దూరం ఉండాలి, నిద్రమత్తులో లేచినవాడు తూలినా ప్రమాదం లేనంత. మీదికి చూడండి, ఎండిన కొమ్మ వేలాడుతుంటే దాని కింద వద్దు. బండ చరియలకు తేనెతుట్టెలు ఉంటాయి, వాటికి దూరంగా జరగండి. పొగ వెళ్లినా, రాయి తగిలినా తేనెటీగలు గుంపుగా లేస్తాయి. లేచాక చేసేది ఒకటే, ముఖానికి గుడ్డ కప్పుకుని దూరంగా పరుగెత్తడం. చేతులు ఊపుతూ కొట్టడానికి చూస్తే ఇంకా ఎక్కువగా మీద పడతాయి.

నేలలో బొరియలు, పుట్టలు, రాళ్ల గుట్టలు ఉన్నాయేమో చూడండి. ఎలుక ఉన్న చోటికి పాము వస్తుంది. గొర్రెల దారికి, పొలం గట్టుకు అడ్డం వేయకండి. పక్కన ఎవరిదైనా చేను ఉంటే అడిగి వేయండి. అడిగితే ఎవరూ కాదనరు, పైగా ఎక్కడ నీళ్లున్నాయో, ఏ గుండు దగ్గర ఎలుగుబంటి తిరుగుతోందో కూడా చెప్తారు.

నాలుగున్నర: బండ మీద టెంటు నిలబెట్టడం

టెంటుతో ఇచ్చే సన్నటి మేకులు మెత్తటి పచ్చిక నేల కోసం చేసినవి. మన గరుసు నేలలో సుత్తితో కొడితే వంగిపోతాయి. అందుకే ఇక్కడ రాయే మేకు.

మొదట పట్ట పరిచి దాని మీద టెంటు విప్పండి. పట్ట టెంటు కంటే వెడల్పుగా బయటికి కనబడకూడదు, వాన వస్తే దాని మీద పడ్డ నీళ్లు నేరుగా టెంటు కిందికి చేరతాయి. గుమ్మం గాలి వచ్చే వైపు ఉండకూడదు. కడ్డీలు దూర్చి నిలబెట్టే ముందే గాలి వైపు రెండు మూలల్లో లోపల బరువు పెట్టండి, నీళ్ల క్యాను ఇందుకు బాగా పనికొస్తుంది. ఖాళీ టెంటు గాలిపటం లాంటిది, ఒక్క నిమిషం వదిలేస్తే లోయలోకి పోయే వస్తువు.

ఇప్పుడు రాళ్లు. మూలకొకటి చొప్పున నాలుగు, టెంటు మీద కప్పే పైగుడ్డ తాళ్లకు ఇంకో నాలుగు, ఒక్కొక్కటి కొబ్బరికాయ కంటే పెద్దది. ఎత్తేటప్పుడు వేళ్లు కిందికి దూర్చకండి. కర్రతో రాయికి అవతలి అంచును లేపి మీ వైపుకు దొర్లించండి, అప్పుడు కింద తేలు ఉన్నా మీకూ దానికీ మధ్య రాయి ఉంటుంది. ఒకసారి ఇట్లా దొర్లిస్తే తోక ఎత్తిన ఎర్ర తేలు ఒకటి కనబడింది. కదలకుండా అక్కడే నిలబడి మా వైపు చూసినట్లనిపించింది. ఆ రాయిని అట్లాగే మళ్లీ కప్పేసి ఇంకో రాయి వెతుక్కున్నాం.

తాడును రాయికి కట్టేటప్పుడు చాలామంది ఒక చుట్టు చుట్టి ముడి వేస్తారు. గాలి ఊపుకు అది జారి పైకి వచ్చేస్తుంది. అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు, పొట్లం కట్టినట్లు కట్టి జారుముడి వేయండి. ఆ రాయి మీద ఇంకో బరువైన రాయి పెట్టండి. తాడు వేలితో మీటితే తంబూరా తీగలాగా మోగాలి. మంచుకు తాడు వదులవుతుంది, పడుకునే ముందు ఇంకోసారి లాగి బిగించండి. ఈ ఒక్క పని మా తమ్ముడు ఇప్పుడు ఎవరినీ చేయనివ్వడు.

జిప్పు ఎప్పుడూ మూసే ఉండాలి. ఒక్క నిమిషమే కదా అని తెరిచి పెట్టే గుమ్మం నుంచే అన్నీ లోపలికి వస్తాయి.

ఆరు: మంట గురించి

నిజం చెప్పాలంటే మంట లేకుండా ఉండటమే మేలు. ఇష్టం లేని సలహా అని తెలుసు. చలికాలం చివరికి కొండల మీద బోదగడ్డి ఎండి నిలబడి ఉంటుంది, గాలికి లేచిన ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ గడ్డి మీదే పశువుల మేత, ఊళ్లో పాకల కప్పు. అభయారణ్యాల్లోనైతే నిప్పు పెట్టడమే నేరం.

తప్పదనుకుంటే ఇంతకు ముందు ఎవరో పెట్టిన నల్లటి పొయ్యి మచ్చ మీదే పెట్టండి, కొత్త మచ్చ చేయకండి. చుట్టూ రెండు గజాలు గడ్డి లేకుండా గీకేయండి. ఏటి రాళ్లు, పొరలు పొరలుగా ఉండే బండలు పొయ్యికి వాడొద్దు. లోపలి తడి ఆవిరై రాయి చిట్లి ముక్కలు ఎగురుతాయి. కడప బండ మీద నేరుగా మంట పెట్టి చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. కట్టెలు ఊళ్లో కొనుక్కుని వెళ్లండి, పచ్చి కొమ్మ విరవకండి. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చేతి వెనక వైపు దగ్గర పెట్టి చూడండి. వెచ్చగా అనిపిస్తే ఇంకా ఆరలేదన్నమాట. మట్టి కప్పితే పొగ మాత్రమే పోతుంది, కింద కణిక బతికే ఉంటుంది.

స్టౌ గానీ బొగ్గుల కుంపటి గానీ టెంటు లోపలికి తీసుకెళ్లొద్దు, ఎంత చలి పెట్టినా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తినగానే మిగిలిందంతా డబ్బాలో మూసి బండిలో పెట్టేయండి. సీతాఫలాల కాలంలో గుట్టల్లో ఎలుగుబంట్లు పొదల దగ్గర తిరుగుతుంటాయి, పొద్దు గూకాక ఆ పొదల వైపు పోవద్దు. నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ నడవండి. ఎలుగుకు మనిషిని వెతుక్కుంటూ వచ్చే అలవాటు లేదు, దగ్గరికొచ్చేదాకా తెలియక ఉలిక్కిపడినప్పుడే మీద పడుతుంది. ఎదురైతే పరుగెత్తకుండా దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి.

స్పీకర్ పెట్టొద్దు. పక్క టెంటువాళ్ల సంగతి అటుంచి, మీ డీజే లోయ అవతలి ఊరికి కూడా వినబడుతుంది. లైట్లన్నీ ఆర్పి పదింటప్పుడు వెల్లకిలా పడుకుని చూడండి. డిసెంబరు మధ్యలో ఆ వేళకు పిల్లలకోడి అనే చుక్కల గుంపు దాదాపు నడినెత్తిన ఉంటుంది, దానికి తూర్పుగా గొల్లకావిడి, మూడు చుక్కల వరస. ఆ రోజుల్లో కావిడి నడినెత్తికి వచ్చిందంటే అర్ధరాత్రి అయిందని లెక్క. మా అవ్వ గడియారం అదే.

రాత్రి భయం: పాము, తేలు

చలి రాత్రుల్లో పాములు తక్కువ తిరుగుతాయి, అయినా ఉండవని కాదు. మన వైపు ప్రాణం తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీటిలో కట్లపాము గురించే నాకు ఎక్కువ భయం. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండకపోవచ్చు. తెల్లవారి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనబడితే గాటు కనబడకపోయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. జిప్పు మూసిన టెంటు, బయట అడుగు పెట్టే ముందు టార్చి, తొడుక్కునే ముందు బూట్లు దులపడం, ఈ మూడింటితో సగం భయం పోతుంది.

కరిస్తే ఏం చేయాలి? కూర్చోబెట్టి ధైర్యం చెప్పండి. ఉంగరాలు, గాజులు, బూట్లు తీసేయండి, వాపు వస్తుంది. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకు గుడ్డతో వదులుగా కట్టండి. టైము చూసుకోండి. 108కి ఫోన్ చేసి, మీకు బండి ఉంటే అంబులెన్సు కోసం ఎదురుచూడకుండా మీరే బయలుదేరండి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, మంత్రం వేయించడం, ఇవేవీ వద్దు. పామును చంపి తీసుకెళ్లాల్సిన పనీ లేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటికీ ఒకటే. సాయంత్రం వెలుగుండగానే దగ్గరలో ప్రభుత్వాసుపత్రి ఎక్కడుందో, దారి ఎటో డ్రైవింగ్ వచ్చిన ఇద్దరికి తెలిసి ఉండాలి.

తేలు కుడితే పెద్దవాళ్లకు చాలాసార్లు నొప్పితోనే సరిపోవచ్చు. పిల్లలకు మాత్రం ఎర్ర తేలు ప్రమాదం. చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం మొదలైతే అది మామూలు కుట్టు కాదు, ఆలస్యం చేయకండి.

పగటి ఎండలో ఎవరైనా తలనొప్పి, తలతిరుగుడు అంటే నీడలో కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్ ఇవ్వండి. ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడితే అది వడదెబ్బ. ఒళ్లంతా నీళ్లు పోసి, విసురుతూ, ఆసుపత్రికి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

ఉరుము వినబడితే మిట్ట మీద నుంచి, ఒంటరి చెట్టు కింద నుంచి దిగి కారులో కూర్చోండి. టెంటు పిడుగును ఆపదు.

తెల్లారి: బయటికి పోవడం

ఎవరూ రాయరు గానీ అందరికీ ముందు కావాల్సింది ఇదే. నీళ్లకు, దారికి, టెంట్లకు కనీసం రెండు వందల అడుగుల దూరం పోండి. మట్టి ఉన్న చోట జానెడు లోతు గుంత తీసి, పని అయ్యాక మట్టి కప్పండి. టిష్యూలు, ప్యాడ్లు గుంతలో వేయకండి. కుక్కలు తవ్వి బయటికి లాగుతాయి. వాటిని మూసే కవరులో పెట్టి తెచ్చేయాలి. ఒట్టి బండ మీద గుంత తవ్వలేరు కాబట్టి, బయలుదేరే ముందు ఊళ్లో గానీ హోటల్లో గానీ పని ముగించుకోవడమే తెలివి. ఆడవాళ్లు ఉన్న బృందమైతే ఈ ఏర్పాటు సాయంత్రమే మాట్లాడుకోండి, తెల్లవారుజామున ఇబ్బంది పడనివ్వకండి.

సర్దడం, ఆ గోనెసంచి

పొద్దు పొడుపు చూశాక గోనెసంచి తీయండి. ముందు మీ చెత్త: కవర్లు, బీడీ సిగరెట్ ముక్కలు, అరటి తొక్కలు కూడా. తొక్కలు మట్టిలో కలిసిపోతాయి కదా అంటారు, ఎండు బండ మీద అవి నల్లగా ఎండి నెలల తరబడి ఉంటాయి, అంతలో కోతులకు మనిషి తిండి రుచి తెలుస్తుంది. తర్వాత మీ ముందు వచ్చినవాళ్ల చెత్తలో చేతనైనంత. పగిలిన సీసా పెంకులు మాత్రం ఒక్కటి కూడా వదలొద్దు. ఆ పెద్దాయన గొర్రెల్లో ఒకటి ముందు కాలు ఎత్తి కుంటుతూ నడవడం చూశాను. గిట్టల మధ్య పచ్చ రంగు గాజు ముక్క. ఆయన నేల మీద కూర్చుని, గొర్రె తలను చంకలో ఇరికించుకుని, ముల్లు తీసే చిమటాతో దాన్ని లాగాడు. మమ్మల్ని ఏమీ అనలేదు. మాది కాదు ఆ సీసా, అయినా ఆయన వైపు చూడలేకపోయాం.

సంచి నిండితే మూతి కట్టి జమ్మలమడుగు దాకా తెచ్చి చెత్త బండికి ఇవ్వండి. కొండ మీది డబ్బాలో కుక్కితే గాలికి మళ్లీ లోయలోకే పోతుంది.

టెంటుకు కట్టిన రాళ్లను ఎక్కడివి అక్కడ పెట్టండి, మట్టి అంటిన వైపు కిందికి వచ్చేలా. వాటి కింద ఉండేవి ఇంకా అక్కడే ఉంటాయి. పెట్టేటప్పుడూ వేళ్లు జాగ్రత్త.

ఇంటికి చేరాక టెంటును విప్పి మిద్దె మీద ఆరేయండి. మంచు తడితోనే మడిచి అటక మీద పడేస్తే నెలలో బూజు పట్టి, కుట్ల దగ్గర వాసన వస్తుంది. కడ్డీల లోపలి సాగే తాడు తెగిందేమో, పైగుడ్డకు ముల్లు దిగిందేమో అప్పుడే చూసుకోండి. సైకిలు పంక్చరు అతికే ముక్క, సొల్యూషన్‌తో చిన్న చిరుగులు నేను ఇంట్లోనే అతికించుకుంటాను.